ఎవరి ఇల్లు వాళ్లకి
యూగోస్లావియా కథ – 17వ భాగం

1996 మార్చి 19న బోస్నియా రాజధాని సరయేవోలోని గ్రబావిత్సా పేట చేతులు మారింది. నాలుగేళ్లపాటు సెర్బు సైన్యం చేతిలో ఉన్న ఆ పేటని బోస్నియాక్‌-క్రొయేట్ ఫెడరేషన్ పోలీసులకి అప్పగించారు. నగరం మళ్లీ ఒక్కటైంది. గత భాగంలో మనం డేటన్‌లో శాంతి ఒప్పందం మీద కలాలు కదిలిన ఘట్టం దగ్గర ఆగాం. ఆ లెక్కన ఇది శాంతికి తొలి పండగ కావాలి. కానీ అంతకుముందు నెల రోజులుగా శివారు పేటలన్నీ తగలబడుతూనే ఉన్నాయి. వొగోష్చా, ఇలియాష్, హాజిచి, ఇలిజా ఒకదాని తర్వాత ఒకటి ఫెడరేషన్‌కి దక్కుతుంటే, అక్కడి సెర్బులు మంచాలు, బీరువాలు, కిటికీ తలుపుల చట్రాలతో సహా లారీలకెక్కించుకుని పోయారు. కొందరు సమాధులు తవ్వి తమవాళ్ల శవపేటికల్ని కూడా వెంట తీసుకెళ్లారు. వెళ్లిపొమ్మని రేడియోలో ఊదరగొట్టింది వాళ్ల నాయకులే. వెళ్లం అన్నవాళ్లని బెదిరించి, వాళ్ల ఇళ్లకి నిప్పు పెట్టిందీ సాటి సెర్బు గూండాలే.

అప్పటికి దేశంలో 60,000 మంది నాటో సైనికులున్నారు. ఐఫోర్ అని పిలిచిన ఆ సేన దగ్గర ట్యాంకులున్నాయి, హెలికాప్టర్లున్నాయి. మంటలు ఆర్పడం, గూండాల్ని పట్టుకోవడం మాత్రం తమ బాధ్యత కాదని వాళ్లు చూస్తూ నిలబడ్డారు. సైన్యాల్ని విడదీయడమే వాళ్లకి అప్పగించిన పని. ఆ పనిని వాళ్లు నిజంగానే చక్కగా చేశారు. కొన్ని నెలల్లోనే రెండు పక్షాలూ సరిహద్దు గీతకి చెరో రెండు కిలోమీటర్లు వెనక్కి తగ్గాయి, ఫిరంగులు శిబిరాలకి చేరాయి. కాల్పులు ఆగాయి. కాల్పులు ఆగిన చోట జనం బతకగలరా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు దొరకడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది.

జాతుల యుద్ధం తర్వాత శాంతి ఎలా నిలబడుతుందని అడిగితే చరిత్ర పుస్తకాలు సాధారణంగా సంతకాల ఫొటో చూపిస్తాయి. డేటన్ ఒప్పందం మీద సంతకాలకి బోస్నియా, క్రొయేషియా, సెర్బియా నాయకులు ఇజెత్‌బెగోవిచ్, తుజ్‌మన్, మిలోషెవిచ్ పారిస్‌లో ఒకే బల్ల ముందు కూర్చున్న ఆ 1995 డిసెంబర్ 14 నాటి ఫొటో నాకెందుకో ఎప్పుడూ ఆనదు. బోస్నియాలో శాంతి అనదగ్గది ఏమైనా వచ్చిందంటే అది ఆ బల్ల మీద రాలేదు. నంబర్ ప్లేట్ల దగ్గర, మునిసిపల్ గృహ కార్యాలయాల క్యూల దగ్గర, కూలిన గోడల మధ్య వేసుకున్న గుడారాల దగ్గర వచ్చింది. రాకుండా ఆగిపోయిన శాంతి మాత్రం ఆ బల్ల దగ్గరే ఆగింది. ఈ భాగంలో చెప్పబోయేది ఆ రెండింటి గురించే.

ముందు లెక్క చూద్దాం. 1991లో దేశ జనాభా 43 లక్షల పైచిలుకు. అందులో బోస్నియాక్ ముస్లింలు 43.5 శాతం, సెర్బులు 31.2, క్రొయేట్లు 17.4. ఈ మూడింటిలో దేనికిందా రాయించుకోకుండా 'యూగోస్లావ్' అని చెప్పుకున్నవాళ్లు ఇంకో 5.5 శాతం. మూడున్నరేళ్ల యుద్ధంలో సుమారు లక్షమంది చనిపోయారు. 20 లక్షలకి పైగా జనం, అంటే దాదాపు సగం దేశం, ఇళ్లు వదిలి చెల్లాచెదురయ్యారు. డేటన్ ఒప్పందం దేశాన్ని ఒక్కటిగా ఉంచుతూనే లోపల రెండుగా కోసింది. బోస్నియాక్‌లు, క్రొయేట్లు కలిసిన ఫెడరేషన్‌కి 51 శాతం నేల, సెర్బుల 'రిపబ్లికా సర్ప్‌స్కా'కి 49 శాతం. మధ్యలో వెయ్యి కిలోమీటర్లకి పైబడిన గీత. సైన్యాలు మూడూ ఎక్కడివక్కడే. రాజ్యాంగం ఏదంటే, ఒప్పందం చివర తగిలించిన నాలుగో అనుబంధమే. శరణార్థులందరికీ తమ సొంత ఇళ్లకి తిరిగి వెళ్లే హక్కు ఉందని ఏడో అనుబంధం చెప్పింది. ఆ వాక్యం రాసినవాళ్లలో ఎంతమంది దాన్ని నమ్మారో అనుమానమే.

ఆయుధాల సంగతి త్వరగా తేలింది. 1996 జూన్ 14న ఫ్లోరెన్స్‌లో యూగోస్లావియా, క్రొయేషియా, బోస్నియా, దాని రెండు భాగాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ట్యాంకులు, ఫిరంగులు, కవచ వాహనాలు, యుద్ధ విమానాలు, దాడి హెలికాప్టర్లు అనే ఐదు రకాల్లో మూడు దేశాల వాటా 5:2:2. బోస్నియా వాటాలో మళ్లీ ఫెడరేషన్‌కి రెండు పాళ్లు, సర్ప్‌స్కాకి ఒకటి. పదహారు నెలల్లో 6,500కి పైగా ఆయుధాల్ని ముక్కలు చేశారు, ఒకరి శిబిరాల్ని ఇంకొకరి అధికారులు వెళ్లి తనిఖీ చేశారు. ఈ ఒప్పందం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ ప్రాంతంలో పూర్తిగా అమలైన అరుదైన కాగితాల్లో ఇదొకటి. ఇరుగు పొరుగు దేశాలు మళ్లీ దండెత్తే శక్తిని అది లెక్కగా కత్తిరించింది. సైనికుడి భయం అలా తగ్గింది. మామూలు మనిషి భయానికి ట్యాంకులతో సంబంధం లేదు. తన ఊరి పోలీస్ స్టేషన్‌లో ఎవరు కూర్చున్నారన్నదే అతని భయం.

(ఇక్కడ చిన్న పక్కదారి. యూగోస్లావియాకి ఐక్యరాజ్యసమితి పంపిన శాంతి సేనకి తొలి సేనాధిపతి మనవాడే, లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్. 1992 మార్చి నుంచి ఏడాదిపాటు ఆ పని చేశారు. అప్పుడు ఢిల్లీలో ప్రధాని పి.వి. నరసింహారావు. కాపాడాల్సిన శాంతే లేని చోట శాంతి సేన ఏం చేయగలదన్న ప్రశ్న ఆ ఏడాదిలోనే మొదలైంది. ఆ కథ తొమ్మిదో భాగంలో చెప్పుకున్నాం.)

1996 సెప్టెంబర్‌లో ఎన్నికలు పెట్టారు. ఇది నా దృష్టిలో శాంతి కాలంలో జరిగిన మొదటి పెద్ద తప్పు. ఇళ్లు కాలిన మసి ఇంకా గోడల మీదే ఉంది, సగం మంది వోటర్లు పరాయి ఊళ్లలోనో పరాయి దేశాల్లోనో ఉన్నారు. భయపడి ఉన్న జనం ఎవరికి వేస్తారు? తమ జాతిని కాపాడతామన్నవాడికే. యుద్ధం నడిపిన మూడు జాతీయవాద పార్టీలే గెలిచి, ఇప్పుడు ప్రజలెన్నుకున్న ప్రభుత్వాలుగా కూర్చున్నాయి. మంత్రివర్గాలు సమావేశం కావు, అయినా ఏ నిర్ణయమూ చేయవు. దేశానికి అందరూ ఒప్పుకున్న జెండా లేదు, ఒక నాణెం లేదు. ఒప్పందం అమలు చూడటానికి నియమించిన అంతర్జాతీయ ఉన్నత ప్రతినిధి, స్వీడన్ మాజీ ప్రధాని కార్ల్ బిల్ట్ చేతిలో బతిమాలడం తప్ప ఇంకే ఆయుధమూ లేదు.

1997 డిసెంబర్‌లో జర్మనీలోని బాన్‌లో సమావేశమైన దేశాలు ఆ లోటు తీర్చాయి. మీరు చట్టం చేయకపోతే ఉన్నత ప్రతినిధే చేస్తాడు, అడ్డుపడిన అధికారిని ఊడబెరుకుతాడు అన్నాయి. ప్రజాస్వామ్యం నేర్పడానికి వచ్చిన మనిషికి నవాబుకుండే అధికారాలు ఇచ్చారన్న మాట. అప్పటికి ఆ కుర్చీలో ఉన్న స్పెయిన్ దౌత్యవేత్త కార్లోస్ వెస్తెందోర్ప్ ఆ అధికారాన్ని వెంటనే వాడాడు. నాగానో శీతాకాల ఒలింపిక్స్ ముంచుకొస్తుండగా 1998 ఫిబ్రవరిలో ఆయనే జెండా నిర్ణయించాడు. నీలం మీద పసుపు త్రికోణం, పక్కన తెల్ల నక్షత్రాలు. అందులో ఏ జాతి గుర్తూ లేదు. ఎవరికీ నచ్చలేదు, కాబట్టి ఎవరికీ కోపమూ రాలేదు.

అసలైన తెలివి మాత్రం కార్ల నంబర్ ప్లేట్లలో కనిపించింది. డేటన్ ప్రకారం దేశంలో ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు. గీత మీద నాటో సైనికులు చెక్‌పోస్టులు ఎత్తేయించారు కూడా. అయినా ఎవరూ గీత దాటేవారు కాదు. కారణం బానెట్ కింద అతికించి ఉండేది. సర్ప్‌స్కా ప్లేటు మీద సిరిలిక్ అక్షరాలు, ఫెడరేషన్ ప్లేటు మీద లాటిన్ అక్షరాలు. కారు గీత దాటిన మరుక్షణం డ్రైవరు ఎవరో, ఏ దేవుడికి మొక్కుతాడో దారిన పోయే ప్రతివాడికీ తెలిసిపోయేది. అవతలి పోలీసు ఆపి ఏదో వంకతో జరిమానా రాసేవాడు, రాళ్లు పడేవి. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1996లోనే గీత దాటే బస్సులు మొదలుపెట్టింది. వాటిలో జనం ఎక్కారు, ఎందుకంటే బస్సుకి జాతి లేదు.

1998లో వెస్తెందోర్ప్ దేశమంతటికీ ఒకే ప్లేటు తెచ్చాడు. రెండు లిపుల్లోనూ ఒకే ఆకారంలో ఉండే ఏడు అక్షరాలు ఏరి వాటినే వాడాడు. ఎ, ఇ, జె, కె, ఎం, ఓ, టి. ఊరి పేరు లేదు, ప్రాంతపు గుర్తు లేదు. అంకెలు ఏ వరసలో వస్తాయో దానికీ ఊరికీ సంబంధం లేదు. ప్లేటు మీద రెండక్షరాల కోసం ఎంత పట్టుదలలుంటాయో తెలుగువాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. కాబట్టి దీనికి ఎంత గొడవ జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. కానీ ప్లేట్లు మారిన కొన్ని నెలలకే గీత దాటే కార్లు రెట్టింపులు మూడింతలుగా పెరిగాయి. అత్తవారింటికి, పాత పొలానికి, చిన్నప్పటి స్నేహితుడి దగ్గరికి వెళ్లడం మొదలైంది. ఎవరూ ఎవర్నీ క్షమించలేదు. ఎవరు ఎవరో కనిపించడం మానేసింది, అంతే.

డబ్బూ ఇదే దారి. అప్పటిదాకా ఒకచోట యూగోస్లావ్ దినార్, ఇంకోచోట క్రొయేషియా కునా, మరోచోట బోస్నియా దినార్, అన్నిచోట్లా జేబుల్లో జర్మన్ మార్క్. కొత్త నాణేనికి 'కన్వర్టిబుల్ మార్క్' అని పేరు పెట్టి, జర్మన్ మార్క్‌తో ఒకటికి ఒకటిగా కట్టేశారు. కేంద్ర బ్యాంకు గవర్నరు మొదటి ఆరేళ్లూ బోస్నియా పౌరుడూ, పొరుగు దేశపువాడూ కాకూడదని రాజ్యాంగంలోనే రాశారు. అలా న్యూజిలాండ్ నుంచి వచ్చిన పీటర్ నికోల్ ఏళ్లపాటు ఆ దేశపు నోట్లకి కాపలా కాశాడు. నోట్ల మీద ఎవరి బొమ్మ వేయాలన్నది కూడా పెద్ద తగువే. రచయితల బొమ్మలు వేద్దామన్నారు. చాలా నోట్లకి ఫెడరేషన్‌లో ఒక రచయిత, సర్ప్‌స్కాలో ఇంకో రచయిత. అయిదు మార్కుల నోటు మీద మెషా సెలిమోవిచ్‌ని మాత్రం ఇరువైపులా మావాడే అన్నారు.

ఇక ఇళ్ల దగ్గరికి వద్దాం. దీనికోసమే ఈ భాగం రాస్తున్నాను.

వాయవ్యంలో ప్రియెదోర్ అనే పట్టణం ఉంది. యుద్ధానికి ముందు అక్కడ బోస్నియాక్‌లూ సెర్బులూ దాదాపు సమానం. 1992 ఏప్రిల్ 30న సెర్బు పార్టీ పోలీసుల అండతో రాత్రికి రాత్రి పట్టణాన్ని చేజిక్కించుకుంది. మే చివర్లో పక్కనున్న కోజరాత్స్ ఊరిని ఫిరంగులతో కూల్చింది. మే 31న సెర్బులు కానివాళ్లంతా ఇళ్లకి తెల్లగుడ్డలు కట్టాలని రేడియోలో ఆదేశం వచ్చింది. తర్వాత ఓమర్‌స్కా గనిలో, కెరాటెర్మ్ ఫ్యాక్టరీలో, త్ర్నొపోల్యె బడిలో శిబిరాలు. ఆ ఏడాది వేసవిలో ముళ్లకంచె వెనక బక్కచిక్కిన మనుషుల చిత్రాలు ప్రపంచమంతా చూసింది, అవి అక్కడివే. ఆ ఒక్క మునిసిపాలిటీలో మూడు వేలకి పైగా బోస్నియాక్‌లు, క్రొయేట్లు చంపబడ్డారు, వారిలో పిల్లలే 102 మంది. మిగిలినవాళ్లు పారిపోయారు.

డేటన్ తర్వాత ప్రియెదోర్ సర్ప్‌స్కాకి వెళ్లింది. శిబిరాలు నడిపిన పోలీసు అధిపతి సిమో ద్ర్ల్యాచా యుద్ధం అయిపోయాక కూడా అక్కడే అధికారం చెలాయించాడు. అలాంటి చోటికి ఎవరు తిరిగొస్తారు? ఏడో అనుబంధం అక్కడ చిత్తు కాగితం. 1997 జూలై 10న అది మారింది. హేగ్‌లోని యుద్ధ నేరాల ట్రిబ్యునల్ రహస్యంగా జారీచేసిన వారంట్లతో బ్రిటిష్ కమాండోలు ప్రియెదోర్ ఆసుపత్రిలోకి వెళ్లి దాని డైరెక్టరు మిలాన్ కొవాచెవిచ్‌ని పట్టుకెళ్లారు. యుద్ధకాలంలో ఆ పట్టణపు పాలనలో ప్రముఖుడతను. అదే ఉదయం చేపల గాలం వేసుకుని చెరువు గట్టున ఉన్న ద్ర్ల్యాచా ఎదురు కాల్పులు జరిపి చనిపోయాడు. నాటో సేన యుద్ధ నేరస్తుల్ని పట్టుకోవడానికి చెయ్యెత్తడం దాదాపు అదే మొదలు. 1996లో మంటల్ని చూస్తూ నిలబడ్డ సేనే ఇది.

దాని ఫలితం కోర్టులో కన్నా కొండ దారిలో ఎక్కువ కనిపించింది. గీతకి అవతల ఫెడరేషన్‌లో ఉన్న సాన్‌స్కి మోస్త్‌లో ప్రియెదోర్ శరణార్థులు వేలల్లో తలదాచుకున్నారు. వాళ్లు మొదట ఒక పూట వచ్చి వెళ్లడంతో మొదలుపెట్టారు. సమాధుల మీద కలుపు తీయడం, శిథిలాల్లో చెత్త ఎత్తిపోయడం, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవడం. తర్వాత గుడారాలు వేశారు. ముందు నిలబడింది ఎక్కువగా ఆడవాళ్లు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. బాగున్న ఇళ్ల కన్నా కూలిపోయిన ఊళ్లకే జనం ముందుగా తిరిగి వెళ్లగలిగారు. బాగున్న ఇంట్లో ఇంకెవరో కాపురముంటారు, వాళ్లని లేపాలి. కూలిన ఇంట్లో ఎవరూ ఉండరు, ఇటుక తెచ్చుకుంటే చాలు. పునాదుల దాకా కాలిన కోజరాత్స్ అందుకే అందరికన్నా ముందు లేచింది. జర్మనీలో, ఆస్ట్రియాలో, స్వీడన్‌లో కూలీ చేసిన డబ్బు గోడలుగా లేచింది. సర్ప్‌స్కా నడిబొడ్డున మసీదు మీనార్లు మళ్లీ కనిపించాయి.

కూలని ఇళ్ల సంగతే అసలు చిక్కు. యుద్ధంలో మూడు పక్షాల ప్రభుత్వాలూ 'విడిచిపెట్టిన ఆస్తి' అని చట్టాలు చేసి, పారిపోయినవాళ్ల ఇళ్లని తమవాళ్లకి పంచేశాయి. పట్టణాల్లో ఇది మరీ సులువు. సోషలిస్టు కాలంలో ఫ్లాట్లని ఫ్యాక్టరీలూ, సంస్థలూ తమ ఉద్యోగులకి కేటాయించేవి. మనిషికి ఉండేది నివాస హక్కే కానీ యాజమాన్యం కాదు. కాబట్టి హక్కు రద్దు అని ఒక ముద్ర గుద్దితే అయిపోయేది. సరయేవోలో ఏం చేశారో వినండి. యుద్ధ స్థితి ముగిసిందని 1995 డిసెంబర్ చివర్లో ప్రకటించి, దేశంలో ఉన్నవాళ్లు ఏడు రోజుల్లో, విదేశాల్లో ఉన్నవాళ్లు పదిహేను రోజుల్లో వచ్చి తమ ఫ్లాట్లు స్వాధీనం చేసుకోవాలన్నారు, లేకుంటే హక్కు పోయినట్లేనని. మంచు కాలం, రోడ్లు లేవు, చెక్‌పోస్టులు ఇంకా తీయలేదు. స్టాక్‌హోమ్‌లో ఉన్నవాడు పదిహేను రోజుల్లో ఎలా వస్తాడు? రాలేడనే ఆ గడువు పెట్టారు. జాతి శుద్ధిని తుపాకీతో చేసింది ఒక పక్షమైతే, రబ్బరు ముద్రతో అన్ని పక్షాలూ చేశాయని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు. రెండూ ఒకే తూకం అనడం లేదు. ఇల్లు పోగొట్టుకున్న ముసలాయనకి మాత్రం ఆ తేడా వల్ల ఒరిగేదేమీ లేదు.

పైగా ఆ ఇళ్లలో ఉన్నవాళ్లందరూ దొంగలు కారు. ప్రియెదోర్‌లో బోస్నియాక్ ఫ్లాట్‌లో ఉన్న సెర్బు కుటుంబం సాన్‌స్కి మోస్త్ నుంచి తరిమేయబడి వచ్చింది. సాన్‌స్కి మోస్త్‌లో వాళ్లింట్లో ప్రియెదోర్ బోస్నియాక్‌లున్నారు. ఒకరిని లేపాలంటే ముందు ఇంకొకరు లేవాలి, వాళ్లు లేవాలంటే మూడోవాళ్లు కదలాలి. 'నా ఇల్లు నాకిస్తే నేనూ ఖాళీ చేస్తాను' అని ప్రతి ఒక్కరూ అంటారు, ప్రతి ఒక్కరిదీ న్యాయమే. నాయకులకి ఈ ముడి ఎంతో ముద్దు. తమ జాతి వోటర్లు తమ ప్రాంతంలోనే ఉండిపోతారు కదా.

1999 అక్టోబర్‌లో కొత్త ఉన్నత ప్రతినిధి, ఆస్ట్రియాకి చెందిన వోల్ఫ్‌గాంగ్ పెట్రిచ్, రెండు ప్రాంతాలకీ ఒకే ఆస్తి చట్టాల్ని తానే విధించాడు. నవంబర్‌లో అడ్డుపడుతున్న 22 మంది అధికారుల్ని ఒక్క దెబ్బన పదవుల్లోంచి తీసేశాడు. చట్టంలో ప్రాణమంతా ఒక చిన్న నిర్ణయంలో ఉంది. ఇంటి హక్కుని జాతితోనూ, తిరిగి రావడంతోనూ, రాజీతోనూ ముడిపెట్టలేదు. యుద్ధానికి ముందు ఇల్లు ఎవరిదో వాళ్లది. వచ్చి ఉంటారా, అమ్ముకుంటారా, తాళం వేసుకుని పోతారా అన్నది వాళ్లిష్టం. మునిసిపాలిటీలోని గృహ కార్యాలయం అర్జీలు తీసుకోవాలి, వచ్చిన తేదీల వరసలోనే తేల్చాలి. ఉన్నవాళ్లకి ఖాళీ చేయడానికి 90 రోజుల గడువు. వేరే చోట సొంత ఇల్లున్నా పరాయి ఇంట్లో కూర్చున్నవాళ్లని ముందు లేపాలి. అలాంటివాళ్లలో పోలీసులు, న్యాయమూర్తులు, శాసనసభ్యులు ఎంతమంది తేలారంటే, మొదటి కొన్ని నెలలు పత్రికలకి వేరే వార్త అక్కర్లేకపోయింది.

ఐదు అంతర్జాతీయ సంస్థలు కలిసి ప్రతి మునిసిపాలిటీ అంకెల్నీ నెలనెలా ప్రచురించడం మొదలుపెట్టాయి. ఎన్ని అర్జీలు వచ్చాయి, ఎన్ని తేలాయి, ఎన్ని ఇళ్ల తాళాలు అప్పగించారు. ఉపన్యాసాలతో కదలని మేయర్లు పట్టికలో అట్టడుగున తమ ఊరు కనబడేసరికి కదిలారు. 2000 చివరికి అర్జీల్లో ఐదోవంతే తేలింది. 2003 చివరికి 90 శాతం దాటింది. మొత్తం మీద దాదాపు రెండు లక్షల ఇళ్లు, ఫ్లాట్లు అసలువాళ్లకి దక్కాయి. ఒక జాతుల యుద్ధం తర్వాత ఇంత పెద్ద సంఖ్యలో ఇళ్లు తిరిగి అసలు యజమానుల చేతికి రావడం అంతకుముందు ఎక్కడా జరగలేదు. 1947 తర్వాత పంజాబ్‌లో రెండు వైపులా 'కాందిశీకుల ఆస్తి' ఏమైందో గుర్తున్నవాళ్లకి ఇదెంత అరుదో తెలుస్తుంది.

2004 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి పదిలక్షలవ శరణార్థి తిరిగొచ్చినట్లు లెక్కగట్టింది. వాళ్లలో సుమారు నాలుగున్నర లక్షల మంది తమ జాతి తక్కువగా ఉన్న చోటికే వచ్చినవాళ్లు. ఈ అంకెని మరీ గట్టిగా పట్టుకోకూడదు. ఇల్లు చేతికి రాగానే అమ్మేసి తమవాళ్లుండే చోటికి పోయినవాళ్లు చాలామంది. ఉద్యోగం లేని ఊళ్లో, తన పిల్లలకి పరాయి చరిత్ర చెప్పే బడి ఉన్న ఊళ్లో యువ జంటలు ఎందుకుంటాయి? వచ్చింది ఎక్కువగా వృద్ధులు. కోజరాత్స్ ఎండాకాలంలో విదేశీ కార్లతో, పెళ్లి బాజాలతో కిక్కిరిసి, చలికాలంలో సగం కిటికీలు మూసుకుని ఉంటుంది. శ్రెబ్రెనిత్సా మునిసిపాలిటీలో 1991లో 36 వేలకి పైగా జనం ఉంటే 2013 జనగణన నాటికి 13 వేల చిల్లర. అయినా ఇల్లు తిరిగి దక్కడం, ఊరు తిరిగి దక్కకపోవడం రెండు వేర్వేరు విషయాలు. అమ్ముకున్నా తన సంతకంతో అమ్ముకున్నవాడికి, ప్రతీకారం కోసం కొడుకుని పెంచాల్సిన అవసరం కొంత తగ్గుతుంది. ఇది నా ఊహే కానీ, ఆ తర్వాత ఇళ్ల కోసం ఎవరూ తుపాకీ పట్టలేదన్నది మాత్రం ఊహ కాదు.

ఈశాన్యంలో బర్చ్‌కో కథ ఇంకో రకం. సర్ప్‌స్కా రెండు ముక్కల్నీ కలిపే సన్నటి నేల అక్కడే ఉంది. డేటన్‌లో దీని దగ్గరే చర్చలు దాదాపు విరిగిపోయి, చివరి క్షణంలో 'మధ్యవర్తి తేలుస్తాడు' అని వాయిదా వేశారు. 1997 ఆగస్టులో అక్కడ నాటో సైనికుల మీదే రాళ్లు రువ్విన జనం ఉన్నారు. 1999 మార్చి 5న అమెరికన్ న్యాయవాది రాబర్ట్స్ ఓవెన్ నాయకత్వంలోని మధ్యవర్తులు తీర్పిచ్చారు. ఊరు ఎవరికీ విడిగా చెందదు, ప్రత్యేక జిల్లాగా ఉంటుందని. 2000లో జిల్లా ఏర్పడింది. ఒకే పోలీసు దళం, ఒకే కోర్టు. 2001 నుంచి బడులూ ఒకటే. మూడు జాతుల పిల్లలు ఒకే తరగతిలో కూర్చున్నారు. ఒకే బడి అనగానే ముందు ఏడాది విద్యార్థులే వీధికెక్కారు. జిల్లాని చూసే అంతర్జాతీయ పర్యవేక్షకుడు వెనక్కి తగ్గలేదు, ఉపాధ్యాయుల జీతాలు పెంచాడు. ఆ రెండో పనిని తక్కువ చేయకూడదు.

అదే ఊరికి దక్షిణాన నాటో వాళ్లు 'అరిజోనా' అని పేరు పెట్టుకున్న రోడ్డు మీద, వాళ్ల చెక్‌పోస్టు పక్కనే 1996లో ఒక సంత పుట్టింది. మూడు జాతులవాళ్లూ కార్ల డిక్కీలు తెరిచి అమ్మకాలు మొదలుపెట్టారు. అమెరికన్ సైన్యం చూసి, పోనీ అనుకుని స్థలం చదును చేసిపెట్టింది. వేల దుకాణాలు లేచాయి. శాంతి గురించి రాసేవాళ్లకి ఈ సంత భలే ఇష్టం. అయితే అక్కడే దొంగ సిగరెట్లు, దొంగ క్యాసెట్లు, చివరికి ఆడపిల్లల అమ్మకాలు కూడా జరిగాయి. వ్యాపారం మనుషుల్ని కలుపుతుంది, నిజమే. పోలీసులు లేని చోట అది ఎవర్నెవర్ని కలుపుతుందో కూడా చూసుకోవాలి.

సైన్యాల విలీనం ఒక కుంభకోణం పుణ్యమా అని జరిగింది. సర్ప్‌స్కాలోని ఓరావ్ విమాన కర్మాగారం ఐక్యరాజ్యసమితి ఆంక్షల్ని ఉల్లంఘించి ఇరాక్‌కి సాయం చేస్తోందని 2002లో బయటపడింది. అప్పటి ఉన్నత ప్రతినిధి పాడీ ఆష్‌డౌన్ ఆ అదను వదల్లేదు. 2006 జనవరి 1 నుంచి దేశానికి ఒకే సైన్యం, ఒకే రక్షణ శాఖ. నిర్బంధ సైనిక సేవ రద్దు. పదేళ్ల క్రితం ఒకరి మీద ఒకరు ఫిరంగులు పేల్చుకున్నవాళ్లు పేలని బాంబులు తీసే దళంగా 2005లోనే కలిసి ఇరాక్ వెళ్లారు. అదే 2006 జనవరి 1న దేశమంతటికీ ఒకే విలువ ఆధారిత పన్ను (వ్యాట్) కూడా, 17 శాతం. పోలీసుల్ని ఒకటి చేయడం మాత్రం ఆష్‌డౌన్ వల్లా కాలేదు, ఆయన తర్వాతివాళ్ల వల్లా కాలేదు. ట్యాంకుని వదులుకున్న నాయకుడు కూడా పోలీస్ స్టేషన్‌ని వదులుకోడు.

చనిపోయినవాళ్ల లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. యుద్ధం ముగిసేసరికి సుమారు 32,000 మంది ఆచూకీ లేదు. శ్రెబ్రెనిత్సాలో ఊచకోత కోసిన హంతకులు సాక్ష్యం దాచడానికి గోతుల్ని యంత్రాలతో తవ్వి, అవశేషాల్ని వేరే గోతుల్లోకి మార్చారు. ఒకే మనిషి ఎముకలు నాలుగైదు చోట్ల దొరికాయి. 1996లో ఏర్పడిన గల్లంతైనవారి అంతర్జాతీయ కమిషన్ బంధువుల రక్తపు నమూనాలు సేకరించి, 2001 నుంచి డీఎన్ఏ పోలికతో పేర్లు తేల్చడం మొదలుపెట్టింది. అప్పటిదాకా ఇంత పెద్దఎత్తున ఆ పని ఎక్కడా జరగలేదు. నాలుగింట మూడు వంతుల మందికి పైగా దొరికారు. 2013లో ప్రియెదోర్ దగ్గర తోమాషిత్సాలో ఒక్క గోతిలో నాలుగు వందలకి పైగా శవాలు బయటపడ్డాయి. ఇరవై ఏళ్లపాటు ఆ గోతి ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కలే కాపురమున్నారు.

ఇప్పుడు ఆ పారిస్ బల్ల దగ్గరికి. డేటన్ రాజ్యాంగం ప్రకారం దేశాధ్యక్ష పీఠంలో ముగ్గురుంటారు. ఒక బోస్నియాక్, ఒక క్రొయేట్, ఒక సెర్బు. కాల్పులు ఆపడానికి అప్పటికది పనికొచ్చింది. కానీ 1991లో 'యూగోస్లావ్' అని రాయించుకున్న ఆ 5.5 శాతం మంది ఏ గదిలోకి వెళ్లాలి? రోమా జాతివాడైన దెర్వో సేజ్‌దిచ్, యూదుడైన యాకోబ్ ఫింత్సి తమ దేశానికి తాము అధ్యక్షులుగా పోటీ చేయలేకపోవడం అన్యాయమని యూరప్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 2009 డిసెంబర్ 22న కోర్టు అవునంది. రాజ్యాంగం ఇప్పటికీ మారలేదు. మారాలంటే ఆ మూడు గదుల్లోని వాళ్లే వోటేయాలి. ఫెడరేషన్‌లో యాభైకి పైగా బడుల్లో ఒకే కప్పు కింద రెండు బడులు నడిచాయి. బోస్నియాక్ పిల్లలకి ఒక పాఠ్యప్రణాళిక, క్రొయేట్ పిల్లలకి ఇంకొకటి, కొన్నిచోట్ల వేరే వేరే ద్వారాలు. 1993లో క్రొయేట్ ఫిరంగులు కూల్చిన మోస్తార్ పాత వంతెనని 2004 జూలైలో అచ్చం పాతదానిలాగే కట్టి ప్రపంచ నాయకుల్ని పిలిచి ప్రారంభించారు. అదే మోస్తార్‌లో వోట్ల లెక్క మీద రెండు పక్షాలూ రాజీపడక 2008 నుంచి 2020 దాకా పన్నెండేళ్లు మునిసిపల్ ఎన్నికలే జరగలేదు. రాయి మీద రాయి పేర్చడానికి మూడేళ్లు పట్టింది, పుర సభ్యుల్ని ఎన్నుకోవడానికి పన్నెండేళ్లు.

2004లో నాటో నుంచి బాధ్యత తీసుకున్న యూరప్ సేన ఆల్థియా ఇంకా అక్కడే ఉంది. మొదట్లో ఏడు వేల మంది, తర్వాత బాగా తగ్గించారు. ఏటా ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దానికి ఇంకో ఏడాది పొడిగింపు ఇస్తుంటుంది. ఉన్నత ప్రతినిధి కార్యాలయాన్ని మూసేస్తామని 2006లోనే ప్రకటించి, తర్వాత ఆ ఆలోచన మానుకున్నారు. ఒకప్పుడు నంబర్ ప్లేట్లు తెచ్చిన ఆ అధికారాలే, స్థానిక నాయకులకి తప్పించుకునే దారీ అయ్యాయి. ఎలాగూ విదేశీయుడు చట్టం చేస్తాడు కనుక, నాయకుడు తన జాతి ముందు వీరుడిగా మొండికేయొచ్చు, పని జరిగిపోతుంది, చెడ్డపేరు తనకి రాదు. 2006 తర్వాత విదేశీయులు ఆ అధికారం వాడటం తగ్గించేసరికి మొండితనం మాత్రం మిగిలింది. అప్పటికి దగ్గర్లోని కొసొవోలో ఇదే రకం పరిపాలనని ఏడేళ్లుగా నడిపి, బోస్నియాలో చేసినవాటిలో కొన్ని తప్పులు దిద్దుకుని, కొన్ని మళ్లీ చేశారు.

(వచ్చే భాగంలో: ప్రిష్టినాలో నీలి టోపీలు)